బాగా మాట్లాడే మనిషి

చదివేవాళ్ళు ముందుగా నన్ను మన్నించాలి. జుట్టు నెరిశాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఏ ఒత్తు ఎక్కడ వేలాడాలో నా చేతికి ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. తప్పులుంటే అచ్చువేసేవాళ్ళు సరిచేస్తామన్నారు, ఆ ధైర్యంతో రాస్తున్నాను. మీరు టీ చల్లారేలోగా చదివేసే పేజీ నాకు రెండు పూటల పని. ఎక్కడైనా కథ నత్తనడక నడిస్తే అది కథ తప్పు కాదు, నా వేళ్ళ తప్పు.

ఇంకొక మాట. ఈ కథలో నేనూ ఉన్నాను. 'నేను' అని మొదలుపెడితే ప్రతి వాక్యంలోనూ నన్ను నేనే వెనకేసుకొస్తున్నాను. అందుకని 'వదిన' అని రాశాను. వదిన అంటే ఎవరో పక్కింటావిడ అనుకున్నాక చెయ్యి సాఫీగా కదిలింది.

*

డాక్టరు గది ముందు బెంచీమీద కూర్చున్నాక వదిన తన ఆడపడుచు భుజంమీదినుంచి ఒక దూది పోగు తీసి పారేసింది. పరుపుల కొట్టు నడుపుకునే ఇంట్లో అదొక అలవాటు. ఎక్కడికి వెళ్ళినా ఒకళ్ళమీద ఒకళ్ళు దూది ఏరుకుంటూనే ఉంటారు. మామూలుగా అయితే ఆడపడుచు కూడా చెయ్యి చాచి, వదిన నెరిసిన వెంట్రుక ఒకటి పట్టుకుని, ఇది దూది కాదు వదినా, ఊడి రావడంలేదు అని ఏడిపించేది. ఆ రోజు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదుటి గోడకేసి చూస్తూ కూర్చుంది.

వీధిలో అందరూ ఆమెని లెక్కలమ్మ అంటారు. కాలేజీలో పెద్ద లెక్కలు చెబుతుంది. సెలవులకని, కొడుకులిద్దరూ పైఊళ్ళకి వెళ్ళిపోయిన అన్నావదినల ఇంటికి వచ్చింది. సెలవులు అయిపోయాయి గాని ఆమె మేడమీద వెనకగదిలో పరుపుమీదనుంచి లేవలేదు. ఒంట్లో బాగాలేదని కాలేజీకి కబురు పంపారు. ఒంట్లో ఎక్కడ బాగాలేదో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. ఆ పొద్దున వదినే ఆమెని లేపి, తలంటి, చిక్కు తీసి, జడ వేసింది. గుమ్మం దాకా బాగానే వచ్చింది. అక్కడ ఏ చెప్పులు వేసుకోవాలో తేల్చుకోలేక నిలబడిపోయింది. ఉన్నవి రెండు జతలే. వదిన చూసి చూసి ఒక జతని కాలితో ముందుకి జరిపితే అందులో కాళ్ళు పెట్టింది.

వాళ్ళకంటే ముందు మూటలు మోసే మనిషి ఒకతను ఉన్నాడు. మెడమీద మూటలు మోసి మోసి కాయకట్టిన నల్లటి మచ్చ. తువ్వాలులో మొహం దాచుకుని, సిగ్గుపడుతూనే, ఆగకుండా ఏడుస్తున్నాడు. లోపలికి వెళ్ళిన కాసేపటికే చీటీతో బయటికి వచ్చాడు. కాంపౌండరు అతన్ని పక్కకి పిలిచి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, మళ్ళీ ఎప్పుడు రావాలో మరీ మరీ చెప్పాడు. జబ్బంటే ఇలా ఉంటుంది కాబోలు అనుకుంది వదిన.

లోపల డాక్టరు కుర్రవాడే. ఏం చేస్తుంటారని అడిగాడు. జవాబు విని కుర్చీ ముందుకి లాక్కున్నాడు. అప్పుడు లెక్కలమ్మ మొహంలో దీపం వెలిగినట్టయింది. నిద్ర పడుతోందా అంటే, పడుతుందండీ, కాకపోతే నాకు అక్కర్లేని వేళల్లో పడుతుంది అంది. డాక్టరు నవ్వాడు. తిండి సంగతి అడిగితే శరీరం ఫిర్యాదు చెయ్యనంత తింటున్నానంది. దిగులుగా ఉంటుందా అన్నప్పుడు కొంచెం ఆలోచించి, "దిగులు అనేది పెద్ద మాటండీ. కిటికీకి ఇంకో అద్దం బిగించినట్టుంటుంది. అన్నీ కనిపిస్తాయి, కాస్త ఆలస్యంగా వినిపిస్తాయి" అంది. మంచి గుడ్డ తాను విప్పి పరుస్తున్నట్టు, ఎక్కడా ముడత లేకుండా మాటలు వస్తున్నాయి. ఇంట్లో 'ఊ' అనడానికి కూడా వారం పట్టే మనిషి ఈమేనా అని వదిన ఆశ్చర్యపోయింది.

డాక్టరుకి ఒక కొడుకున్నాడట, లెక్కల్లో వెనకబడ్డాడట. వాడికి భిన్నాలు ఎలా చెప్పాలని అడిగాడు. లెక్కలమ్మ బల్లమీద ఉన్న కాగితాల బరువూ కలమూ జరిపి చూపించింది. మాకు ఇలా చెప్పినవాళ్ళు లేరండీ అని అతను మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. చివరికి, "మీకు నేను చెప్పేదేముందండీ. ఇంత స్పష్టంగా ఆలోచించేవాళ్ళకి ఈ జబ్బులు రావు. కాస్త ఎక్కువ ఆలోచిస్తున్నారు, అంతే. నాలుగు రోజులు పుస్తకాలు మూసేసి పొద్దున్నే నడవండి" అన్నాడు. బలానికి టానిక్కు రాశాడు. గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు.

వదిన గుండెల మీద బరువు దిగిపోయింది. ఏమీ లేదన్నారు, అదీ చదువుకున్న డాక్టరు, చదువుకున్న మనిషిని పట్టుకుని. అయితే మెట్లు దిగగానే లెక్కలమ్మ మొహంలో దీపం ఆరిపోయింది. ఒక్క నిమిషం వదినా అని కింది మెట్టుమీద కూలబడింది. వచ్చేపోయేవాళ్ళు చుట్టూ తిరిగి పోతున్నారు. పక్క కొట్లో మందులు కొనుక్కుని వస్తున్న మూటలతను ఆగి, తన నీళ్ళ సీసా అందించాడు.

"మీకేమన్నారమ్మా?"

"ఏమీ లేదన్నారు" అంది లెక్కలమ్మ.

"అదృష్టవంతులు" అన్నాడు అతను, నిజంగానే సంతోషపడుతూ.

*

లెక్కలమ్మ అన్నకి చెల్లెలంటే ప్రాణం కంటే ఎక్కువ గర్వం. కొట్టుకి ఎవరు ఏ పనిమీద వచ్చినా, తలగడ గలీబు కోసం వచ్చినా సరే, మాట తిప్పి తిప్పి చెల్లెలి చదువు దగ్గరికి తెచ్చేవాడు. దూది బస్తాలమీద బోర్లా పడుకుని లెక్కలు చేసుకున్న పిల్ల అంత దూరం వెళ్ళిందంటే, ఆ ఘనతలో సగం బస్తాలదే అన్నట్టు మాట్లాడేవాడు. డాక్టరు చెప్పింది వినగానే, చూశావా, అంత బుర్ర ఉన్నదానికి మనసు ఎలా చెడుతుంది, నేను చెప్పలా అన్నాడు. చెప్పలేదు గాని వదిన ఒప్పుకుంది.

అయినా మనిషి లేవడంలేదు కదా. ఆయన పైకి వెళ్ళి, చెల్లెల్ని కుర్చీలో కూర్చోపెట్టి, ఆమె పరుపుని అరచేత్తో నొక్కుకుంటూ తల దగ్గర్నుంచి కాళ్ళదాకా వెళ్ళాడు. గోడవైపు ఒక పెద్ద గుంట పడి ఉంది. ఇదిగో, ఇదీ అసలు సంగతి అన్నాడు. దూది ఉండకట్టింది, నడుము కుంగింది, అందుకే నిద్ర లేదు, నిద్ర లేక నీరసం, నీరసంవల్ల ఈ దిగులు. వదినకి కూడా ఆ వరస బాగానే కుదిరినట్టనిపించింది. ఇరవై ఇళ్ళలో నడుంనొప్పులు పరుపు మార్చి పోగొట్టిన మనుషులు వాళ్ళు. మనిషి ఒకేచోట కదలకుండా పడి ఉండబట్టి గుంట పడిందేమో అని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

ఆ మధ్యాహ్నం కొట్లో వేరే పని ఏదీ ముట్టుకోలేదు. వదిన పరుపు నోటి కుట్టు తెంపి గుడ్డని తిరగేసింది. ఆయన దూదిని బయటికి లాగి, బెత్తంతో కొట్టి, మరలో వేశాడు. ఇద్దరూ ముక్కులకి గుడ్డలు కట్టుకున్నారు. మర తిరుగుతున్నంతసేపూ మాటలు వినబడవు కాబట్టి చేతులతోనే పోట్లాడుకున్నారు. హోటలువాళ్ళ ఆర్డరుకని దాచిన పొడుగు పింజ దూదిని ఆయన తెచ్చి ఇందులో కలిపేస్తుంటే, అది వాళ్ళది కదా అని వదిన చెయ్యి ఊపింది. వాళ్ళకి ఇంకోటి చేద్దాం అని ఆయన చెయ్యి ఊపాడు. మూలలు ముందు నింపాలి. మూల ఖాళీగా ఉంటే పరుపు ఎప్పటికైనా నడిమికి కుంగుతుంది. ఆయన మోకాళ్ళమీద కూర్చుని మోచేత్తో మూలలు కూరాడు, ముంజేత్తో పొర పొర సమంచేశాడు. వదిన నోరు కుట్టేసింది. తర్వాత పైనుంచి ఆయన దబ్బనం దించితే కిందినుంచి ఆమె అందుకుని తిప్పి పంపుతూ, బందులు బిగించుకుంటూ పోయారు. సాయంత్రానికి పరుపు బల్లలా నిలబడింది. వాళ్ళు చేసినవాటిలో అంత మంచి పరుపు ఇంకోటి లేదు.

పైకి మోసుకెళ్ళి పరిచారు. లెక్కలమ్మ అరచెయ్యి ఆనించి చూసింది. "ఇంత మంచి పరుపు ఈ వీధిలో ఎవరికీ ఉండదు అన్నయ్యా. దీనికి నేను తగను" అని నవ్వింది. ఆయనకి మొదటి మాటే వినిపించింది.

ఆ పరుపు ఎక్కిన మనిషి ఇక అసలే దిగలేదు. ఆయన గంటగంటకీ పైకి వెళ్ళి ఎలా ఉందని అడిగేవాడు. చాలా బాగుందన్నయ్యా అనేది, ప్రతిసారీ పూర్తి వాక్యంలో, ప్రతిసారీ కొంచెం వేరే మాటలతో. ఆయన తృప్తిగా దిగివచ్చేవాడు. పక్క కొట్టు గడియారాలాయన ఇదంతా గమనిస్తూనే ఉన్నాడు.

"మీ పరుపెక్కినవాళ్ళు లేవట్లేదంటే కొట్టుకి ఇంకా బోర్డెందుకమ్మా? ఆవిణ్ణే చూపించు బేరానికి వచ్చినవాళ్ళకి."

"నీ గడియారాలు ఒకటీ నడవట్లేదని నేను ఎవరికైనా చెప్పానా?" అంది వదిన. అతను నవ్వి కంటికి భూతద్దం తగిలించుకున్నాడు. వదినకి మాత్రం నవ్వు రాలేదు. అతను అన్నది వేళాకోళంలా వినబడలేదు. ఆమె పైకి వెళ్ళి గుమ్మంలో నిలబడింది. అంత మంచి పరుపుమీద, ఒక్కచోట కూడా ముడత పడకుండా, గోడవైపుకి తిరిగి ఆడపడుచు పడుకుని ఉంది.

*

మర్నాడు మధ్యాహ్నం లెక్కలమ్మ తనంతట తానే కిందికి దిగి వచ్చింది. ఆయన పరుపులు ఇచ్చిరావడానికి బండి తీసుకుని వెళ్ళాడు. వదిన ఒక పొడుగు తలగడ కుడుతోంది. ఆడపడుచుని చూసి సంతోషం పట్టలేక, రా రా, మహారాణిగారు మేడ దిగారు అంది. లెక్కలమ్మ బస్తామీద కూర్చుంది. ఊరికే కూర్చోవడమెందుకని వదిన ఆమె చేతికి గుడ్డ కొస ఇచ్చి, బిగుతుగా పట్టుకోమంది. కాసేపు ఒకరు పట్టుకుంటే ఒకరు కుట్టారు. ఎండ కొట్టు గడప దాకా వచ్చి ఆగింది.

"వదినా, వెనకగది అద్దెకి పెడితే ఎవరైనా వస్తారా?"

"నువ్వుంటుండగా అద్దెకెందుకు?"

"నేను లేకపోతే అని."

"కాలేజీకి వెళ్ళిపోతావా అయితే?"

"కాలేజీకి కాదు."

వదిన సూది ఆగింది. లెక్కలమ్మ గొంతు మాత్రం మారలేదు. నల్లబల్ల ముందు నిలబడి చెప్పినట్టు, నిదానంగా, వరసగా చెప్పుకొచ్చింది. తనవల్ల ఎవరికి ఏం ఒరుగుతోంది, తనకోసం ఎవరికి ఎంత ఖర్చవుతోంది. అన్నయ్య బాధపడతాడు, నిజమే, కాని ఎవరి బాధైనా ఏడాది తిరిగేసరికి తగ్గుతుంది. పిల్లలకి ఇంకో టీచరు వస్తారు, బహుశా ఇంతకంటే మంచివాళ్ళే వస్తారు. ఇటుది అటూ అటుది ఇటూ తీసేస్తే మిగిలేది ఏమీ లేదు. చాలాసార్లు చేసి చూశాను వదినా, ఎటునుంచి చేసినా అదే వస్తోంది అంది. కంట్లో తడి లేదు. గుడ్డ కొస వదలలేదు.

ఈ మనిషి ఎన్నడూ లెక్క తప్పింది లేదు. ఒకసారి హోటలువాళ్ళు గుండ్రటి మంచానికి పరుపు కావాలంటే, గుడ్డ ఎంత పడుతుందో తెలియక అన్నావదినలు తల పట్టుకుంటే, ఈమె మెట్లు దిగుతూ దిగుతూ చెప్పేసింది. జానెడు గుడ్డ మిగల్లేదు, జానెడు తక్కువ కాలేదు. అలాంటి మనిషి చెప్పినదానిలో చిల్లు ఎక్కడుందా అని వదిన వెతికింది. ఒక్కో మాటా పట్టుకుని చూస్తే ఒక్కోటీ సరిగ్గానే ఉన్నట్టుంది.

"నువ్వు చెప్పింది తప్పని నాకు తెలుసు" అంది చివరికి. "ఎక్కడ తప్పో మాత్రం చెప్పలేను."

"చెప్పలేకపోతే తప్పు కాదేమో వదినా" అంది లెక్కలమ్మ, మొద్దు పిల్లని కూడా విసుక్కోని టీచరులా.

వదిన దారం పంటితో తెంపి, మళ్ళీ సూదికి ఎక్కించింది. మూడుసార్లు గురి తప్పాక ఎక్కింది. "ఆ కొస వదలకు. గట్టిగా పట్టుకో" అంది. ఒక తలగడ అయ్యాక ఇంకో తలగడ ఇచ్చింది, అది అయ్యాక పాత గలీబు విప్పి మళ్ళీ కుట్టింది. ఆయన బండి తీసుకుని వచ్చేదాకా ఆడపడుచుని బస్తా మీదనుంచి లేవనివ్వలేదు. ఆ రోజు ఆమె కుట్టిన కుట్లన్నీ వంకరగా వచ్చాయి.

లెక్కలమ్మ పైకి వెళ్ళాక ఆయన్ని బస్తాల వెనక్కి పిలిచింది. మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే, మొన్నేగా ఏమీ లేదన్నారు అన్నాడు. అప్పుడు వదిన ఆడపడుచు అన్న మాటల్ని, ఒకటీ మార్చకుండా, ఆయనకి అప్పజెప్పింది. ఆయన నిలబడ్డచోటే బస్తామీద కూర్చుండిపోయాడు.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీతో చెబితే, ఎంత తెలివిగా చెప్పిందో అని మురిసిపోతారనుకుని ఉంటుంది."

వేరే రోజైతే ఆ మాటకి ఆయన ఇల్లు పీకి పందిరివేసేవాడు. ఆ సాయంత్రం మాత్రం సూదీ దారమూ దూది గంపా పట్టుకుని మేడెక్కాడు. చెల్లెలి గది గుమ్మంలో చాప వేసుకుని తలగడలు కుట్టడం మొదలుపెట్టాడు. ఇక్కడెందుకన్నయ్యా అని ఆమె అడిగితే, కింద గాలి లేదన్నాడు. ఎవరూ ఆర్డరివ్వని తలగడలు గోడవారగా ఒకదానిమీద ఒకటి పేరుకుపోయాయి.

వదిన కొట్టు మూస్తుంటే గడియారాలాయన దగ్గరికి వచ్చాడు. ఏమిటి సంగతి అని అడగలేదు. వేళాకోళం చెయ్యలేదు. పెద్దాసుపత్రిలో వెనకవైపు భవనంలో ఒక డాక్టరమ్మ ఉందనీ, ఓపిగ్గా వింటుందనీ, పొద్దున్నే వెళితే చూస్తుందనీ చెప్పాడు. నీకెలా తెలుసంటే కాసేపు తలుపు గొళ్ళెంకేసి చూశాడు.

"మా ఇంటావిడ వెళుతుంది. ఎవరితోనూ అనకమ్మా."

*

బస్సులో వదిన ఒప్పందం పెట్టింది. ఈసారి నువ్వు మాట్లాడకూడదు అంది.

"నా మాట అంత చేటైపోయిందా?"

"నువ్వు మాట్లాడితే డాక్టర్లకే జబ్బు నయమైపోతుంది. నోరు మూసుకుని కూర్చో, ఒక్కపూట నాలాగా."

"నువ్వెప్పుడు నోరు మూసుకున్నావు వదినా?" అంది లెక్కలమ్మ. ఎన్నో రోజుల తర్వాత అన్న వేళాకోళం. దానికే అలిసిపోయినట్టు కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది.

డాక్టరమ్మ గది చిన్నది. బల్లమీద ఏమీ లేవు, ఒక కలం తప్ప. వయసు మీద పడిన మనిషి, కళ్ళజోడు దారంతో మెడలో వేలాడుతోంది. ఆడపడుచు వైపు తిరిగి, చెప్పండి అంది. అలవాటు కొద్దీ లెక్కలమ్మ వెన్ను నిటారైంది, మొహంలో మళ్ళీ ఆ వెలుగు వచ్చింది. "ఈమధ్య కొంత నిరుత్సాహం కనిపిస్తోందండీ, కారణాలు విడదీసి చూస్తే..." అని మొదలుపెట్టింది.

వదిన ఆమె మోకాలిమీద చెయ్యి వేసింది. "ఆగమ్మా. డాక్టరుగారూ, ఈమె చాలా బాగా మాట్లాడుతుంది. నమ్మకండి."

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. వదిన చెప్పడం మొదలుపెట్టింది గాని, వరస లేదు. చెప్పుల సంగతి, జడ సంగతి, మధ్యలో పరుపు సంగతి, మూలలు నింపిన సంగతి, మొదటి డాక్టరు కొడుకు సంగతి. ఎవరి పరుపు అని డాక్టరమ్మ రెండుసార్లు అడగాల్సి వచ్చింది. గది అద్దెకివ్వడం దగ్గరికి వచ్చేసరికి వదిన నేలకేసి చూస్తూ, ఆ మాటలు మాత్రం వరస తప్పకుండా చెప్పింది.

"అన్నారా ఆ మాట?"

"అన్నాను" అంది లెక్కలమ్మ.

"ఇప్పుడూ అలాగే అనిపిస్తోందా?"

లెక్కలమ్మ నోరు తెరిచింది. ఒక మంచి వాక్యం రావడానికి సిద్ధంగా ఉన్నట్టే ఉంది. రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. "పొద్దున... లేవడం..." అంది. "అలిసిపోయాను" అంది. తర్వాత ఏడుపు వచ్చింది. మూటలతను తువ్వాలులో దాచుకున్న ఏడుపు లాంటిదే, దాచుకోకుండా, నోరు తెరుచుకుని. చదువుకున్నవాళ్ళు ఇలా ఏడుస్తారని వదినకి తెలియదు. ఎన్నో రోజులకి తన ఊపిరి తిన్నగా ఆడినట్టనిపించి, ఆ మనిషి అలా ఏడుస్తుంటే నాకు హాయిగా ఉందేమిటి అని సిగ్గుపడింది.

డాక్టరమ్మ తొందరపెట్టలేదు. ఏడుపు తగ్గాక, మెత్తగానే, ఒక్కటీ దాటెయ్యకుండా, అడగవలసినవన్నీ అడిగింది. ఇది జబ్బనీ, దీనికి మందుందనీ, అది పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందనీ, అందాకా ఆమెని ఒంటరిగా ఉంచకూడదనీ, వారం వారం రావాలనీ చెప్పింది. లెక్కలమ్మ మొహం తుడుచుకుంది.

"నా లెక్కలో తప్పెక్కడుందో చెప్పండి. చెబితే ఒప్పుకుంటాను."

"వాదిస్తే మీరే గెలుస్తారు" అంది డాక్టరమ్మ. "జబ్బుపడింది మీరు లెక్క చేసే మనసే. అది కోలుకునేదాకా ఆ లెక్క పక్కన పెట్టండి. కొట్టెయ్యమనడంలేదు, పక్కన పెట్టమంటున్నాను."

ఆ మాట లెక్కలమ్మకి నచ్చిందో లేదో తెలియలేదు. డాక్టరమ్మ కళ్ళజోడు పెట్టుకుని చీటీ రాస్తూ, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటిది ఎప్పుడైనా వచ్చిందా అని అడిగింది. లేదని చెప్పడానికి వదిన తల ఊపుతోంది.

"రక్తసంబంధం కాదు. అయినా చెప్పాలి" అంది లెక్కలమ్మ. "మా వదినకి వచ్చింది."

వదిన వెనక్కి తిరిగి చూసింది, ఇంకో వదిన ఎవరైనా ఉన్నారా అన్నట్టు.

"నాకెందుకొస్తుందండీ" అంది. "నేను బడికే వెళ్ళలేదు."

డాక్టరమ్మ నవ్వలేదు. కళ్ళజోడు తీసేసింది. "ఎప్పుడమ్మా?" అంది, వదిన కేసి చూస్తూ.

రెండోవాడు పుట్టాక అని లెక్కలమ్మే చెప్పింది. తను అప్పటికి స్కూలు పిల్ల. అంతకంటే ఎక్కువ చెప్పలేదు. మిగతాది వదినని చెప్పనిచ్చింది. జబ్బేం కాదండీ, బద్ధకం అంది. అత్తగారు అలాగే అన్నారు, పక్కవాళ్ళూ అలాగే అన్నారు. సూది పట్టుకుని కూర్చునేదాన్ని, దారం ఎక్కించడానికి చెయ్యి లేచేది కాదు. పిల్లాడు ఏడుస్తుంటే వినబడేది, ఎవరి పిల్లాడో ఏడుస్తున్నట్టు. పొద్దు గుంకుతుంటే, అమ్మయ్య ఒక రోజు అయిపోయింది అనుకునేదాన్ని. రేపు కూడా ఉంటుందని గుర్తొచ్చి... అని ఆగింది. ఈ మాట తను ఎప్పుడూ ఎవరితోనూ అనలేదని అప్పుడు తెలిసింది.

"ఎలా పోయింది?" అంది డాక్టరమ్మ.

"తెలియదండీ. చాలా రోజులుంది. ఒకరోజు ఆకలేసింది."

డాక్టరమ్మ తన బల్ల అంచుమీద చెయ్యి ఆనించి, అది బద్ధకం కాదమ్మా అంది. మళ్ళీ ఎప్పుడైనా అలా అనిపిస్తే, చదువుకోలేదుగా అని ఆగిపోకుండా ఇక్కడికి రమ్మంది. వదిన సరేనంది. సరే అన్నది ఎవరో ఇంకొకళ్ళన్నట్టు వినబడింది.

బయట వరండాలో వదిన నాలుగడుగులు వేసి బెంచీ పట్టుకుంది. పొద్దుటినుంచి ఆడపడుచు రెక్క పట్టుకుని నడిపించిన మనిషి ఇప్పుడు తనే దాన్ని పట్టుకుని నిలబడింది. ఎప్పటి ఏడుపో వస్తోంది. ఎవరికోసం అని తనని తనే అడుగుతోంది. అప్పుడు తనకి ఇరవై రెండేళ్ళు. ఆ ఇరవై రెండేళ్ళ పిల్లని ఇంటిల్లిపాదీ బద్ధకస్తురాలంటే, అందరికంటే గట్టిగా నమ్మింది తనే.

లెక్కలమ్మ ఆమె చేతిలోంచి చీటీ తీసుకుంది.

"నువ్వు కూర్చో వదినా. నేను తెస్తాను."

మందుల కిటికీ ముందు పెద్ద వరసే ఉంది. లెక్కలమ్మ వెళ్ళి చివర నిలబడింది. ఒకాయన ఆమెని తోసుకుని ముందుకి వెళ్ళాడు. ఊరుకుంది. ఇంకొకావిడ దూరబోతే ఏదో అంది. ఆవిడ వెనక్కి వెళ్ళింది. కిటికీలోని మనిషి చెప్పింది సరిగ్గా వినపడనట్టుంది, వంగి మళ్ళీ అడిగింది. వదిన తడికళ్ళతో అదంతా చూస్తూ కూర్చుంది. వరస కదులుతుంటే ఆమెతోపాటు తనూ ఒక్కో అడుగూ జరుగుతున్నట్టుంది.

మందులు తెచ్చుకుని వచ్చి పక్కన కూర్చుంది. రాత్రి అన్నం తిన్నాక వేసుకోవాలట, మొదట్లో నోరు ఎండుతుందట అని చెప్పింది. వదిన తల ఊపింది.

"నువ్వు బద్ధకస్తురాలివని నాకూ చెప్పారు వదినా అప్పుడు. నేనూ నమ్మాను."

"మరి బడినుంచి రాగానే వచ్చి నా పక్కనే ఎందుకు కూర్చునేదానివి?"

లెక్కలమ్మ ఆలోచించింది. వాక్యం కోసం కాదు, నిజంగానే గుర్తుకు రావడంలేదు.

"ఏమో" అంది. "నీ పక్కన బాగుండేది."

ఇద్దరూ చాలాసేపు లేవలేదు. బస్సు ఒకటి వెళ్ళిపోయిందని తెలిసినా లేవలేదు.

*

ఆ మందు వెంటనే పనిచెయ్యలేదు. ఒకటి పడకపోతే ఇంకోటి మార్చారు. ఆ తర్వాత కూడా ఆమె గోడవైపు తిరిగి పడుకున్న రోజులు చాలా ఉన్నాయి, వాళ్ళ అన్న గుమ్మంలో కుట్టిన తలగడలూ చాలా ఉన్నాయి. కొన్ని అమ్మాము, కొన్ని ఆసుపత్రికి ఇచ్చాము. బాగా మాట్లాడినప్పుడల్లా నాకు భయమేసేది. వాక్యం మధ్యలో ఆగిపోతే స్తిమితపడేదాన్ని. ఆయన కాలం చేసిన ఏడాది నాకు మళ్ళీ సూదిలోకి దారం ఎక్కడం మానేసింది. ఈసారి ఆగలేదు. పెద్దాసుపత్రికి ఇద్దరం కలిసే వెళ్ళాం. ఇంతకంటే రాయడానికి నా దగ్గర లేదు, వేళ్ళు కూడా నొప్పెడుతున్నాయి.

ఇట్లు,
పరుపుల కొట్టు వదిన. వయసు అరవై తొమ్మిది. ఇప్పుడు ఉండేది కాలేజీ వెనక వీధిలో, మా ఆడపడుచు ఇంట్లో, పొద్దుటి ఎండ పడే ముందుగదిలో.